ఒప్పుకుంటే అయిపోతుంది

విరుదునగర్‌లోని ఒక కాలేజీలో రామసుబ్బు పదహారేళ్లుగా పాఠాలు చెబుతున్నాడు. పదహారేళ్లుగా ఆయన గెస్ట్ లెక్చరరే. అన్నేళ్లు ఇంట్లో ఉన్న అతిథిని ఎవరైనా ఇంటిమనిషిగానే చూస్తారు. ఆ కాలేజీవాళ్లకు మాత్రం ఆ బుద్ధి పుట్టలేదు. ప్రతి జూన్‌లో ఒక కొత్త ఆర్డరు చేతికిస్తారు, ప్రతి ఏప్రిల్‌లో "మళ్లీ కబురు చేస్తాం సార్" అంటారు. ఆయన కాపురం కోవిల్‌పట్టిలో. పొద్దున ఏడింటి బస్సెక్కి సాత్తూరు మీదుగా విరుదునగర్ పోవడం, సాయంత్రం అదే దారిన తిరిగి రావడం. ఆయన్ను ఎక్కించుకున్న కండక్టర్లలో ఇద్దరు ఇప్పటికే రిటైరయ్యారు.

మొదటేడు పిల్లలకు ఎకనామిక్స్, రెండో ఏడు వాళ్లకు వ్యాపార నిర్వహణ, ఆఖరేడు వాళ్లకు ఇండస్ట్రియల్ రిలేషన్స్, అంటే యజమానికీ కార్మికుడికీ మధ్య నడిచే వ్యవహారం. మొదటి రెండూ పాత నోట్సు చూసి చెబుతాడు. మూడోది మాత్రం ఆడి చూపిస్తాడు. మిల్లులో ఒక మనిషిని పనిలోంచి తీసేయాలంటే ముందు విచారణ జరపాలి కదా, ఆ విచారణను క్లాసులోనే పెట్టిస్తాడు. ఒక కుర్రాడు మేనేజరు, ఒక అమ్మాయి తప్పు మోపబడిన కార్మికురాలు, ఆమె తరఫున మాట్లాడటానికి పక్కనే తోటి కార్మికుడు ఒకడు. విచారణాధికారి ఎప్పుడూ రామసుబ్బే. డస్టరుతో బల్ల కొట్టి, "రెండు పక్షాలూ విననివాడు ఈ కుర్చీలో కూర్చోకూడదు. తన చుట్టాల వ్యవహారంలో అయితే అసలే కూర్చోకూడదు" అంటాడు. ఎండాకాలం మధ్యాహ్నం కూడా పిల్లలు నిద్రపోని క్లాసు అదొక్కటే.

ఇంత చేసీ ఆయన నిజమైన విచారణ ఒక్కటి కూడా చూసి ఎరగడు. గట్టున కూర్చుని ఈత నేర్పే రకం. ఆ లోటు ఈ జనవరిలో తీరింది. తీరకుండా ఉండిపోయినా ఎవరికీ నష్టం లేకపోయేది.

కోవిల్‌పట్టి ఊరవతల ఒక స్పిన్నింగ్ మిల్లు ఉంది. అక్కడ కార్మికుల వ్యవహారాలు చూసే ఆఫీసరు శరవణకుమార్ ఒకరోజు ఫోన్ చేసి, ఒక విచారణకు మీలాంటి పెద్దవాళ్లు కావాలి, కారు పంపిస్తానన్నాడు. అన్నట్టే తెల్లకారు వచ్చి వీధిలో ఆగింది. రామసుబ్బు ఇస్త్రీ చొక్కా వెతుక్కుంటుంటే, భార్య కాళీశ్వరి కిటికీలోంచి ఆ కారును పైనుంచి కిందిదాకా చూసింది.

"పదారేండ్లుగా బస్సులో పొయ్యేటోడికి ఊరక కారంపేదానికి వాల్లకేమి పిచ్చా?" అంది.

"సబ్జెక్టు తెలిసినోడు కావాలంట" అన్నాడాయన.

"ఏ సబ్జెక్టో కనుక్కోని ఎక్కు" అంది కాళీశ్వరి. ఆయన కనుక్కోకుండానే ఎక్కాడు.

శరవణకుమార్ చాలా మర్యాదస్తుడు. గుమ్మం దాకా ఎదురొచ్చాడు. చల్లటి గదిలో కూర్చోబెట్టి, వెండి డవరాలో కాఫీ ఇప్పించి, తమిళంలో నెమ్మదిగా విషయం చెప్పాడు. డిసెంబర్‌లో నూలు వడికే శాఖలో, మిల్లు హాస్టల్లో ఉండి పనిచేసే పిల్ల ఒకతి మిషన్ పక్కనే స్పృహ తప్పి పడింది. అక్కడున్న పన్నెండు మంది ఆడవాళ్లు మిషన్లన్నీ ఆపేసి ఆ పిల్ల చుట్టూ కూర్చున్నారు. ఇరవై నిమిషాలు. నోటీసు లేకుండా నలుగురు కూడబలుక్కుని పని ఆపితే చట్టం దాన్ని సమ్మె అంటుంది. ఆ సంగతి రామసుబ్బుకు ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటి మిషన్ ఆపింది సెల్లత్తాయి అనే ఆమె. తెగిన దారాలు అతికే పనిలో ఇరవై రెండేళ్ల అనుభవం. ఆరోపణ పత్రం ఇచ్చి, విచారణ తేలేదాకా పనిలోకి రావద్దన్నది ప్రస్తుతానికి ఆమె ఒక్కదాన్నే.

"ఆమెదీ మీదీ ఇంటిభాష తెలుగే అని విన్నాను సార్. ఆమె భయపడకుండా మాట్లాడుతుంది. అందుకే మిమ్మల్ని వెతుక్కుని పిలిచాను" అన్నాడు శరవణకుమార్. తర్వాత, మాటల్లో మాటగా, "మా ముదలాళి, అదే మిల్లు యజమాని, ఆయన బావగారు మీ కాలేజీ కమిటీలోనే ఉన్నారు. పర్మనెంటు పోస్టు ఒకటి ఖాళీ ఉందట కదా" అన్నాడు.

రామసుబ్బు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి గుండె పదో తరగతి రిజల్టు నాటిలాగా కొట్టుకుంది. అయినా ఒక ప్రశ్న వేశాడు, అంతవరకు ఆయన్ను మెచ్చుకోవాలి.

"ఆమె తప్పు ఒప్పుకుంటే ఏం చేస్తారు?"

"మేమేమన్నా రాక్షసులమా సార్?" అని నవ్వాడు శరవణకుమార్.

అది జవాబు కాదు. కాదని రామసుబ్బుకు తెలుసు. అయినా ఇంకోసారి అడిగి ఆ నవ్వును చెడగొట్టాలని అనిపించలేదు.

రామసుబ్బు పుట్టింది విళాత్తికుళం వైపు ఒక నల్లరేగడి ఊళ్లో. మిరప, పత్తి, సజ్జ, ఆకాశం వంక చూపులు. వాళ్ల తాత ఆ ఊరికి పెద్దమనిషి. గొర్రెలు పక్కవాడి చేలో పడ్డా, గట్టు జరిపినా, తాగి ఆడమనిషిని తిట్టినా కూటం కూడేది. తప్పు చేసినవాడు వచ్చి అందరి ముందు నేలమీద సాష్టాంగపడి "తప్పే, మన్నించండి" అనాలి. తాత కాసేపు ఊరుకుని, వంగి, వాడి భుజం పట్టి "లేయ్" అనేవాడు. వాడు ఆకూవక్కా పెట్టేవాడు. అంతే. మర్నాటి నుంచి ఆ తప్పును ఎత్తినవాడే తప్పుచేసినవాడు. ఒప్పుకోకుండా మొండికేసినవాడికి మాత్రం నిప్పూనీళ్లూ పుట్టేవి కావు. రామసుబ్బు ఎం.ఏ. చదివాడు, లేబర్ చట్టాలు చదివాడు, కానీ ఒప్పుకుంటే అయిపోతుందన్న మాట చదువుకన్నా ముందే ఆయన ఒంట్లో ఇంకింది.

విచారణ రోజు సెల్లత్తాయి ఒక్కతే వచ్చింది. నలభై మూడేళ్లుంటాయి. సన్నటి మనిషి, జుట్టులో అక్కడక్కడా తెల్లటి దూది. తోడు మనిషిని తెచ్చుకోవచ్చని ఆరోపణ పత్రంలో ఇంగ్లీషులో ఉంది. రామసుబ్బు ఆ సంగతి అడిగితే శరవణకుమారే జవాబిచ్చాడు: "ఆమె వద్దంది సార్." సెల్లత్తాయి ఇద్దరి ముఖాలూ చూసింది. ఏం వద్దన్నదో ఆమెకు తెలియలేదు. క్లాసులో అయితే రామసుబ్బు అక్కడే డస్టరుతో కొట్టి ఆపేవాడు. ఇక్కడ డస్టరు లేదు.

ఆమె తమిళంలో చెప్పింది చెప్పినట్టు రాసుకుంటూ పోయాడు. పిల్ల పడింది, మిషన్ ఆపాను, మిగతావాళ్లు కూడా ఆపి వచ్చారు. పదిన్నరకు టీ వచ్చింది. శరవణకుమార్ ఎవరో పిలిచినట్టు లేచిపోయాడు. రామసుబ్బు గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చి, గోడవారగా నిలబడ్డ సెల్లత్తాయిని ఇంటిభాషలో పలకరించాడు.

"మీది ఏ ఊరమ్మా?"

ఆమె ఉలిక్కిపడి, తర్వాత విప్పారిపోయింది. ఊరు చెప్పింది. ఆయన ఊరికి రెండు మైళ్లు.

"మీ ఇంటిపేరేంది సార్?"

"మల్లెలోల్లం."

"అయ్యో దేవుడా! నేనూ మల్లెలోల్ల ఇంట్లో పుట్టినదాన్నే గదా. అట్లయితే నువ్వు నాకు అన్న కావాల!"

మనవాళ్లలో ఇంటిపేరు కలిస్తే తోడబుట్టినట్టే. చుట్టాల వ్యవహారంలో కూర్చోకూడదన్న తన మాట ఆ క్షణాన రామసుబ్బుకు గుర్తు రాలేదంటే నేను నమ్మను. వచ్చింది. దానిమీద టీ పోసి మింగేశాడు.

"నేను సేసింది తప్పా అన్నా? ఆ పిల్ల నోట్లో నురగొచ్చేసింది. తల మిషను కిందికి పోతా ఉండాది. ఆపకుంటే ఏమయ్యేది?" అంది సెల్లత్తాయి.

"తప్పు కాదమ్మా. కానీ వీల్లతో వాదం పెట్టుకోని ఏమి లాబం? మన ఊర్లో ఎట్ల సేస్తారు? తప్పేనని ఒక్క మాట అంటే అయిపోతాది గదా."

"ఈడ గూడా అట్లనేనా?"

"అట్లనే. ఆఫీసరు నాకు మాటిచ్చినాడు."

ఆ మాట ఎవరూ ఇవ్వలేదు. అబద్ధమాడుతున్నానని కూడా ఆయనకు అనిపించలేదు. కావాలనుకున్నది నోటికి అంత తేలిగ్గా వస్తుంది.

సెల్లత్తాయి కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ ఆఫీసరు సెప్తే నేను నమ్మను. నువ్వు సెప్తే సరే అన్నా" అంది.

తిరిగి లోపలికి వచ్చేసరికి ఒప్పుకోలు కాగితం బల్లమీద సిద్ధంగా ఉంది, తమిళంలో టైపు చేసి. 'మేమందరం మాట్లాడుకుని మిషన్లు ఆపాం. అది తప్పే. మన్నించండి.' రామసుబ్బు దాన్ని ఆమెకు చదివి వినిపించాడు.

"మాట్లాడుకునేది యాడుండాది అన్నా? ఆ యేలలో ఎవురు ఎవురితో మాట్లాడినారు?" అంది ఆమె ఇంటిభాషలో.

రామసుబ్బు శరవణకుమార్ వంక చూశాడు. శరవణకుమార్‌కు ఆ భాష రాదు, అయినా ఆమె వేలు ఏ మాటమీద ఉందో చూశాడు. "ఊరికే లాంఛనం సార్. పన్నెండు మంది ఒకేసారి ఆపారంటే మాట్లాడుకోకుండానా?" అన్నాడు.

"లాంచనమేనమ్మా, పెట్టు" అన్నాడు రామసుబ్బు.

ఆమె సంతకం పెట్టింది. పెట్టి, బల్ల పక్కకు వచ్చి, పాలిష్ రాళ్ల నేలమీద ఆయన కాళ్ల ముందు సాష్టాంగపడింది. "తప్పే, మన్నించండి" అంది. రామసుబ్బు కంగారుగా వంగి ఆమె భుజం పట్టి "లేయమ్మా, లేయ్" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తాత కుర్చీలో తాను కూర్చున్నట్టే అనిపించిందాయనకు. శరవణకుమార్ ఆ కాగితాన్ని అప్పటికే ఫైల్లో పెట్టి ముడి వేస్తున్నాడు.

రిపోర్టు రెండు పేజీలు. ఆరోపణ రుజువైందని రాశాడు, ఇరవై రెండేళ్ల సర్వీసును దృష్టిలో పెట్టుకోవాలని ఒక వాక్యం చేర్చాడు. టైపై వచ్చిన కాపీలో ఆ వాక్యం లేదు. అడిగితే, శిక్ష సంగతి విచారణాధికారి పరిధిలోకి రాదు కదా సార్ అన్నాడు శరవణకుమార్. నిజమే, రాదు. అది రామసుబ్బు నోట్సులోనే ఉంది. సంతకం పెట్టాడు.

పది రోజులకు క్లాసులో అదే పాఠం వచ్చింది. మేనేజరు కుర్రాడు దబాయిస్తున్నాడు, కార్మికురాలి వేషం వేసిన సంగవి అనే అమ్మాయి తప్పు చేసిందీ లేనిదీ తేల్చి చెప్పకుండా నిలబడి ఉంది. ఉన్నట్టుండి వేషం వదిలేసి అడిగింది.

"సార్, నేను ఒప్పేసుకుంటే మీకిక పనేముంటుంది?"

"ఏమీ ఉండదమ్మా. ఒప్పుకోలును మించిన సాక్ష్యం లేదు."

"అప్పుడు వాళ్లు నన్ను తీసేయొచ్చా?"

"తీసేయొచ్చు."

"కోర్టుకు పోతే?"

"స్వయంగా ఒప్పుకున్నాక కోర్టులో నిలబడటం కష్టం. అందుకే కార్మికుడు ముందు తోడు అడగాలి, ఊరికే..." అని ఆగిపోయాడు. పిల్లలు కాసేపు ఎదురుచూశారు. తర్వాత గుసగుసలు మొదలయ్యాయి. ఆయన అటెండెన్సు రిజిస్టరు చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. గంట కొట్టడానికి ఇంకా పాతిక నిమిషాలుంది. పదహారేళ్లలో అట్లా ఎప్పుడూ వెళ్లలేదు.

బస్టాండు నుంచి శరవణకుమార్‌కు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. సాత్తూరు దగ్గర ఇంకోసారి, ఇంటికి చేరాక ఇంకోసారి. వారమంతా చేశాడు. అంతకుముందు రెండో రింగుకే ఎత్తే మనిషి.

"ఏమంటాడు నీ ఆఫీసరు?" అంది కాళీశ్వరి.

"ఎత్తలా."

"నీతో పనయిపొయ్యింటాది" అంది ఆమె, కందులు చెరుగుతూ. ఆమె మామూలుగా అన్న మాటే. రామసుబ్బు ఫోన్ తీసి ఇంకోసారి చేశాడు.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు సెల్లత్తాయి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో వైర్‌బుట్ట, బుట్టలో అరటిపళ్లు, తమలపాకులు, వక్కలు. ముఖం కడిగిన పళ్లెంలా ఉంది. కాళీశ్వరి ఇచ్చిన నీళ్లు నిలబడే తాగి, "వదినా, మా అన్నకు ఆకూవక్కా పెట్టకుంటే ఆ తప్పు నన్ను వదల్దు. అందుకే వచ్చినా" అంది. పళ్లెం అడిగి తీసుకుని అన్నీ సర్ది రామసుబ్బు ముందు పెట్టింది. తర్వాత రవికలోంచి మడిచిన కవరు తీసింది.

"నిన్న పోస్టులో వచ్చె. ఇంగ్లీసులో ఉండాది. నువ్వే సదవాలని యెవురి సేతికీ ఇయ్యలా. రేపటి నుంచి రమ్మని రాసినారా అన్నా?"

రామసుబ్బు కవరు చించాడు. చిన్న ఉత్తరమే. నాలుగు వాక్యాలు. రెండో వాక్యంలో ఆయన పేరుంది: శ్రీ రామసుబ్బు గారి విచారణ నివేదిక ఆధారంగా. ఆయన చదివింది పైకి చెప్పకుండా కాగితం వంకే చూస్తుంటే సెల్లత్తాయి సంతోషంగా మాట్లాడుతూనే ఉంది.

"మిగతా పదకొండు మందికీ గూడా నాకిచ్చినట్టే కాయితాలిచ్చినారన్నా. బయ్యపడి ఏడ్సినారు. నేను ఒక్కొక్క ఇంటికీ పోయి సెప్పినా. మా అన్న ఉండాడు, ఒప్పుకోండి, అయిపోతాదని. ఇద్దరు యూనియనోల్ల దగ్గరికి పోదామన్నారు. నేనే ఆపినా. ఈ పొద్దు తొమ్మిదింటికి ఆఫీసులో పిలిసినారు, అందరూ రాసిచ్చేస్తారు."

రామసుబ్బు గోడ గడియారం చూశాడు. తొమ్మిదికి పది నిమిషాలు.

"నిన్ను తీసేసినారు సెల్లత్తాయీ" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. "నేను ఒప్పుకున్నా గదా అన్నా" అంది.

"ఒప్పుకున్నావనే తీసేసినారు."

వంటింటి గుమ్మంలో కాళీశ్వరి చేత్తో నోరు మూసుకుంది. రామసుబ్బు చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా మోపెడ్ బయటికి తోశాడు. సెల్లత్తాయి వెనక ఎక్కి కూర్చుంది. ఎందుకు పోతున్నదీ ఇద్దరూ మాట్లాడుకోలేదు. దారిలో రైలు గేటు వేసి ఉంది. సరుకు బండి పోతూ పోతూ పోతూనే ఉంది. ఆయన హారన్ కొట్టాడు, రైలు గేటు ముందు హారన్ కొట్టిన మొదటి మనిషి ఆయనే అయి ఉంటాడు.

మిల్లు గేటు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదీ ఇరవై. వాచ్‌మన్ ఆయన్ను గుర్తుపట్టి లోపలికి వదిలాడు, సెల్లత్తాయిని వదల్లేదు. శరవణకుమార్ వరండాలోనే ఉన్నాడు. అదే నవ్వు.

"రండి సార్. నేనే కారు పంపేవాణ్ణి. ఒక్కరు కూడా ఎదురు చెప్పలేదు, పావుగంటలో అయిపోయింది" అని ఒక కట్ట చూపించాడు. పదకొండు కాగితాలు. పదకొండింటిమీదా అవే మూడు వాక్యాలు. మేమందరం మాట్లాడుకుని మిషన్లు ఆపాం. కింద పది సంతకాలు, ఒక వేలిముద్ర. "మీరు విచారణాధికారిగా ఇక్కడ పెడితే సరిపోతుంది."

"నేను పెట్టను" అన్నాడు రామసుబ్బు. "ఆమె మాట్లాడుకోలేదని చెప్పింది. నేను రాయలేదు. నా రిపోర్టు వెనక్కి తీసుకుంటాను."

శరవణకుమార్‌కు కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"మీ ఇష్టం సార్. వాళ్లే ఒప్పుకున్నాక అసలు విచారణే అక్కర్లేదు. నాకన్నా మీకే బాగా తెలుసు, మీ సబ్జెక్టు కదా" అన్నాడు. కట్టను లోపల పెట్టి వచ్చి, గుమ్మం దాకా సాగనంపాడు. "కాలేజీ విషయం మర్చిపోలేదు సార్. ముదలాళి నిన్ననే మాట్లాడారు. వచ్చే నెలలో ఆర్డరు వస్తుంది. మీరు మాకు చేసిన సాయం చిన్నది కాదు."

ఆ పోస్టు కోసం రామసుబ్బు పదహారేళ్లు బస్సెక్కాడు. ఇప్పుడది వద్దన్నా వచ్చేటట్టుంది. లోపల మిషన్లు ఆగకుండా తిరుగుతున్న హోరులో గేటు వైపు నడిచాడు.

సెల్లత్తాయి ఊచలు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆపినావా అన్నా?"

"లేదమ్మా. రాసిచ్చేసినారు. పదకొండు మందీ."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిడితే ఆయన పడి ఉండేవాడు.

"వాల్లకింకా తెలీదు" అంది. "లోపల సంతోసంగా పని సేస్తా ఉంటారు. తప్పు పోయిందని. మూడింటికి సిప్టు ఇడిస్తారు. బయటికొచ్చి నన్నే అడుగుతారు గదా అన్నా, నీకేమని రాసినారక్కా అని."

రామసుబ్బు మోపెడ్ తాళం జేబులోంచి తీశాడు. ఏదో ఒకటి చేయాలి, లాయరును చూడాలి, యూనియన్ ఆఫీసుకు పోవాలి అన్నాడు.

"పోదాం. రేపు పోదాం" అంది సెల్లత్తాయి. రోడ్డుపక్క తూముగట్టు మీద కొంగుతో దుమ్ము దులిపి కూర్చుని, పక్కన ఇంకొకరికి చోటు వదిలింది. "ఈ పొద్దు ఈడ కూర్సో అన్నా. వాల్లకు నేను సెప్పలేను. నువ్వు సెప్పు."